కూలిన స్టేడియానికి పదిహేనేళ్ల వాయిదాలు

2000 మార్చి 26, ఆదివారం ఉదయం. అమెరికాలోని సియాటెల్‌లో, ఊరి నడిబొడ్డైన డౌన్‌టౌన్‌ను ఆనుకుని ఉన్న కింగ్‌డోమ్ స్టేడియాన్ని పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టారు. పట్టుమని పదిహేడు సెకన్లు కూడా పట్టలేదు. 1976లో తెరిచిన కట్టడం అది, పాతికేళ్లయినా నిండలేదు. దుమ్ము సర్దుకుంది, శిథిలాలు ఎత్తేశారు, అదే స్థలంలో 2002 నాటికి కొత్త అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం లేచింది. అప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. 1994లో కింగ్‌డోమ్ పైకప్పు పలకలు ఊడిపడితే మరమ్మతులకని చేసిన అప్పు 2015లో గానీ తీరలేదు. లేని భవనానికి సియాటెల్ ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, పదిహేనేళ్లు వాయిదాలు కట్టింది.

ఊరి మధ్య కొత్త స్టేడియం కట్టాలా వద్దా అన్న చర్చ ఎక్కడ మొదలైనా నాకు ముందు గుర్తొచ్చేది ఈ పదిహేనేళ్లే. అలాగని నాకు స్టేడియాలంటే పడదని అనుకోకండి. ఫ్లడ్‌లైట్లు వెలిగిన రాత్రి ఊరు ఎలా మారిపోతుందో నాకూ తెలుసు. చిక్కల్లా ఈ చర్చలో రెండు ప్రశ్నలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉండటం దగ్గర వస్తుంది. నడిబొడ్డు స్టేడియానికి తగిన చోటేనా అన్నది ఒకటి. దానికి జనం డబ్బు పెట్టాలా అన్నది రెండోది. మొదటిదానికి తలూపగానే రెండోదానికీ ఊపించేస్తారు. రంగురంగుల బొమ్మలు వేసి చూపించేదేమో చోటు గురించి, సంతకాలు చేయించుకునేదేమో డబ్బు గురించి.

చోటు సంగతి ముందు చూద్దాం. 1960లు, 70లలో అమెరికా నగరాలు చాలాచోట్ల స్టేడియాలను హైవేల పక్కకు తీసుకెళ్లి చుట్టూ ఎకరాల కొద్దీ పార్కింగ్ పరిచాయి. జనం కారులో వచ్చి, ఆట చూసి, అదే కారులో వెళ్లిపోయేవాళ్లు. ఊరికి అంటిందేమీ లేదు. 1992లో బాల్టిమోర్ ఈ పద్ధతిని తిరగేసింది. డౌన్‌టౌన్ పక్కనే ఉన్న పాత రైల్వే గోదామును కూల్చకుండా, దాన్నే మైదానానికి వెనక గోడలా ఉంచి కామ్డెన్ యార్డ్స్ అనే బేస్‌బాల్ స్టేడియం కట్టింది. ఆఫీసు అయ్యాక నడుచుకుంటూ వెళ్లి ఆట చూడొచ్చు. అది చూసి మిగతా ఊళ్లూ అదే బాట పట్టాయి.

నడిబొడ్డు వాదనలో నిజంగానే పస ఉంది. రైళ్లూ బస్సులూ అప్పటికే అక్కడికి వస్తుంటాయి. సాయంత్రానికి ఖాళీ అయ్యే ఆఫీసుల పార్కింగ్ ఉంటుంది, హోటళ్లుంటాయి, తిండికి చోట్లుంటాయి. ఊరి బయట కడితే ఇవన్నీ కొత్తగా తేవాలి, లేదా లేకుండానే సరిపెట్టుకోవాలి.

కానీ ఏ ఆటకి? చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఇదేననిపిస్తుంది నాకు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మామూలు సీజన్‌లో సొంత మైదానంలో ఆడేది ఎనిమిది, మహా అయితే తొమ్మిది మ్యాచ్‌లు. బేస్‌బాల్ జట్టు 81 ఆడుతుంది. బాస్కెట్‌బాల్ జట్టు 41. పైకప్పున్న అరీనా అయితే అదే నేల మీద ఐస్ హాకీ కూడా ఆడించి, మిగతా రాత్రులు కచేరీలకు అద్దెకిచ్చి ఏడాదిలో నూరు రోజులకు పైగా దీపాలు వెలిగించొచ్చు. కాబట్టి 'స్టేడియం' అని ఒకే మాట అన్నా అవి వేర్వేరు జంతువులు. డెబ్భై వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియాన్ని సీజన్ కాని రోజుల్లో, ఏ మంగళవారం మధ్యాహ్నమో చూడండి. వీధి పొడుగునా కిటికీ లేని గోడ, తాళాలు వేసిన గేట్లు, షట్టర్లు దించిన టికెట్ కౌంటర్లు. పక్కన టీ తాగే చోటు కూడా నిలదొక్కుకోలేదు, దాటి వెళ్లే మనిషే ఉండడు మరి. ఊళ్లో అన్నిటికంటే ఖరీదైన నేల మీద అన్నిటికంటే తక్కువ వాడుక ఉన్న కట్టడం అది. నడిబొడ్డున అరీనా అంటే నేను వింటాను. ఫుట్‌బాల్ స్టేడియం అంటే మాత్రం క్యాలెండర్ తెప్పించమంటాను.

ఇక డబ్బు. ముందుగా వినిపించేది "వ్యాపారం పెరుగుతుంది, వేల ఉద్యోగాలు వస్తాయి" అన్న మాట. దీన్ని ఒక ఇంటి దగ్గర నిలబడి చూద్దాం. ఇద్దరు పిల్లలున్న కుటుంబం. ఈ నెల సరదాలకని నూటయాభై డాలర్లు పక్కన పెట్టుకున్నారు. స్టేడియం లేకపోతే ఒక శనివారం సినిమాకు వెళ్లేవాళ్లు, ఇంటి దగ్గరి హోటల్లో భోంచేసేవాళ్లు, పిల్లలకు బూట్లో బొమ్మలో కొనేవాళ్లు. స్టేడియం వచ్చాక ఆ డబ్బు టికెట్లకూ పార్కింగ్‌కూ లోపల అమ్మే తిండికీ పోయింది. కొత్తగా పుట్టిన డాలరు ఒక్కటీ లేదు. కుడి జేబులోది ఎడమ జేబులోకి మారిందంతే. స్టేడియంలో పడిన డబ్బు టీవీల్లో కనిపిస్తుంది. వీధి చివరి హోటలాయన గల్లాలో తగ్గిన నలభై డాలర్లు ఎవరికీ కనిపించవు, బహుశా ఎందుకు తగ్గాయో ఆయనకే తెలియదు.

బయటి ఊళ్ల నుంచి వచ్చి ఖర్చు పెట్టేవాళ్లు ఉంటే అది నిజంగా కొత్త డబ్బే. అయితే ఒక జట్టు సొంత మైదానానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కలవాళ్లే. వచ్చిన డబ్బయినా ఊళ్లో నిలుస్తుందా? హోటల్ బిల్లులో కొంత వంటవాడి జీతమై, కిరాణా కొట్టుకు చేరి, ఊళ్లోనే తిరుగుతుంది. టికెట్ డబ్బులో పెద్ద వాటా ఆటగాళ్ల జీతాలకూ యజమాని లాభానికీ పోతుంది. ఆటగాళ్లలో చాలామంది సీజన్ అయిపోగానే సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. ఉద్యోగాల లెక్కా అంతే. సీట్లు చూపించేవాళ్లు, తినుబండారాల కౌంటర్లలో నిలబడేవాళ్లు మ్యాచ్ ఉన్న రోజున నాలుగైదు గంటలు పనిచేస్తారు. కాగితం మీద అదీ ఒక ఉద్యోగమే.

నడిబొడ్డుకు ప్రత్యేకమైన నష్టం ఇంకొకటుంది. మ్యాచ్ రాత్రి ట్రాఫిక్‌కు భయపడి రోజూ వచ్చేవాళ్లు ఆ ఛాయలకు రారు. స్టేడియం పక్క బారు కిటకిటలాడుతుంటే, నాలుగు వీధులవతల నాటకశాల సగం ఖాళీగా ఉంటుంది. జట్టు తరఫున సలహా సంస్థలు రాసే నివేదికల్లో బారు ఉంటుంది, నాటకశాల ఉండదు.

అందుకే ఈ విషయంలో అర్థశాస్త్రవేత్తల మధ్య అరుదైన ఏకాభిప్రాయం కనిపిస్తుంది. రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ సంపాదకత్వంలో 1997లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ వెలువరించిన అధ్యయనాలు, స్టేడియం మీద పెట్టిన ప్రజాధనం స్థానిక ఆర్థిక వృద్ధి రూపంలో తిరిగి రావడం లేదని తేల్చాయి. ఆ తర్వాత పాతికేళ్లలో వచ్చిన పరిశోధనల సారమూ దాదాపు అదే. షికాగో విశ్వవిద్యాలయ బిజినెస్ స్కూల్ 2017లో ప్రముఖ ఆర్థికవేత్తలను అడిగితే, ఇలాంటి రాయితీల వల్ల పన్ను కట్టేవాళ్లకు లాభం కంటే ఖర్చే ఎక్కువని నూటికి ఎనభై మందికి పైగా ఒప్పుకున్నారు. రేపు వాన పడుతుందా అని అడిగినా అంతమంది ఒకే మాట మీద ఉండరేమో.

"మరి స్టేడియం చుట్టూ లేచిన భవనాల మాటేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శాన్‌డియాగోలో 1998లో ఓటర్లు సరేనన్న బేస్‌బాల్ స్టేడియం 2004లో తెరుచుకుంది. గోదాములతో పాడుబడినట్టున్న ఈస్ట్ విలేజ్ ప్రాంతం దాని చుట్టూ ఊపందుకుంది. అయితే అక్కడ ఒప్పందంలోనే ఒక మెలిక పెట్టారు. చుట్టుపక్కల హోటళ్లూ ఇతర భవనాలూ కట్టించే పూచీ జట్టు యజమాని మీదే వేశారు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ కథ ఇంకా ఆసక్తికరం. 1997లో అమ్మకపు పన్ను పెంచి అరీనా కడతామంటే జనం వద్దన్నారు. చిత్రంగా అరీనా ఆగలేదు. ఒక బీమా కంపెనీ, స్థానిక పత్రిక యాజమాన్యం కలిసి, పాత జైలు ఉన్న స్థలంలో సొంత డబ్బుతో కట్టి 2000లో తెరిచాయి. చుట్టూ ఆఫీసులు, ఇళ్లు, హోటళ్లతో అరీనా డిస్ట్రిక్ట్ పెరిగింది. నడిబొడ్డు స్టేడియం పనిచేస్తుందనడానికీ, దానికి పన్ను డబ్బు అక్కర్లేదనడానికీ ఒకే ఉదాహరణ అనుకునేలోగా, అందులో ఆడే హాకీ జట్టుకు నష్టాలొస్తున్నాయని 2012లో ఆ అరీనాను ప్రభుత్వ సంస్థే కాసినోల పన్ను ఆదాయంతో కొనేసింది. ముందు తలుపు మూస్తే పన్ను డబ్బు దొడ్డిదారిన వెళ్లింది.

పన్నులు వేసేవాళ్లకు ఆ దొడ్డిదారులు బాగా తెలుసు. సియాటెల్‌నే చూడండి. 1995 సెప్టెంబరులో బేస్‌బాల్ స్టేడియం పన్నును ఓటర్లు స్వల్ప తేడాతో తిరస్కరించారు. నెల తిరిగేసరికి రాష్ట్ర శాసనసభ కూర్చుని రెస్టారెంట్ల మీద, అద్దె కార్ల మీద పన్నులు వేసి నిధులు సమకూర్చింది. 1999లో స్టేడియం తెరిచారు. హోటల్ గదుల పన్ను, అద్దె కార్ల పన్ను అంటే అందరికీ ముద్దే. బయటివాళ్లే కదా కట్టేది! లాస్ వేగాస్ తన ఫుట్‌బాల్ స్టేడియానికి 75 కోట్ల డాలర్లు హోటల్ గదుల పన్ను మీద బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. పర్యాటకుల మీదే బతికే ఊరు కాబట్టి ఆ లెక్కకు అక్కడ కొంత అర్థముంది. తీరా 2020లో స్టేడియం తెరిచేసరికి కోవిడ్ వచ్చి హోటళ్లు ఖాళీ అయ్యాయి, బాండ్ల వాయిదాకు నిల్వ నిధిలోంచి తీయాల్సి వచ్చింది. ఇంతకీ పర్యాటకుడు కట్టిన పన్నయినా ఊరి సొమ్మే. దాంతో బడి కట్టొచ్చు, బస్సులు కొనొచ్చు.

ఇంకో పద్ధతి, స్టేడియం చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపల ఇకపై పెరిగే ఆస్తి పన్నునంతా స్టేడియం అప్పుకే జమ చేయడం. పైకి ఎవరి మీదా కొత్త పన్ను లేదు. కానీ ఆ ప్రాంతం ఎలాగూ పెరగాల్సిందే అయితే? ఆ పెరుగుదల బడులకూ అగ్నిమాపక దళానికీ చేరాల్సింది, ఇరవై ముప్ఫై ఏళ్లు చేరదు. డౌన్‌టౌన్‌లో ఈ అనుమానం మరీ ఎక్కువ. అక్కడి నేల ఖాళీగా పడుందంటే పనికిరాక కాకపోవచ్చు, ధర పెరిగేదాకా యజమాని ఆగి ఉండొచ్చు.

అన్నిటికంటే నాకు విడ్డూరంగా తోచేది అమెరికా 1986 పన్ను చట్టం కథ. నగరాలు అమ్మే బాండ్ల వడ్డీకి కేంద్ర ఆదాయపు పన్ను ఉండకపోతే మదుపరులు తక్కువ వడ్డీకే అప్పిస్తారు. ప్రైవేటు జట్ల కోసం ఈ సౌకర్యం వాడకూడదని చట్టసభ ఒక నియమం బిగించింది. కట్టడాన్ని ప్రైవేటు వ్యాపారం పది శాతానికి మించి వాడుకుని, అప్పు తీర్చే సొమ్ములో కూడా పది శాతానికి మించి ఆ వ్యాపారం నుంచే వస్తే మినహాయింపు పోతుంది. రెండూ కలిస్తేనే పోతుంది. స్టేడియాన్ని వాడేది జట్టే కాబట్టి మొదటి గీత దాటక తప్పదు. మరి మినహాయింపు నిలవాలంటే? రెండో గీత దాటకూడదు. అంటే అప్పు తీర్చడానికి జట్టు దగ్గర పది శాతానికి మించి తీసుకోకూడదు! జట్లకు రాయితీలు ఆపుదామని రాసిన నియమం, జట్టు దగ్గర తక్కువ అద్దె తీసుకోవడానికి నగరాలకు కారణమై కూర్చుంది.

ఇంతకీ అసలు కథ లీజు ఒప్పందంలో ఉంటుంది. వందల పేజీలుంటుంది, ఎవరూ చదవరు. సిన్సినాటి ఉన్న హామిల్టన్ కౌంటీలో 1996లో అర శాతం అమ్మకపు పన్నుకు ఓటర్లు ఒప్పుకున్నారు, ఇళ్ల యజమానులకు ఆస్తి పన్నులో రాయితీ ఇస్తామన్న హామీ మీద. తర్వాత ఖర్చులు మీద పడి ఆ రాయితీకి కోత పెట్టారు. ఆ ఫుట్‌బాల్ స్టేడియం లీజులో, ముందు ముందు రాబోయే పరికరాలను కూడా కౌంటీయే కొనివ్వాలని రాసుకున్నారు. అందులో హోలోగ్రామ్‌లో రీప్లే చూపించే యంత్రం కూడా ఉంది. అప్పటికి అలాంటి యంత్రం పుట్టనే లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

సెయింట్ లూయిస్ ఇంకా గట్టి దెబ్బ తింది. 1995లో డౌన్‌టౌన్‌లో తెరిచిన డోమ్, అంటే పైకప్పున్న స్టేడియం, ఎప్పటికప్పుడు దేశంలోని ఫుట్‌బాల్ స్టేడియాల్లో మొదటి పాతిక శాతంలో ఉండాలని లీజులో షరతు పెట్టారు. లేకపోతే జట్టు వెళ్లిపోవచ్చు. మిగతా ఊళ్లు కొత్తవి కడుతూ పోతుంటే పాతది పై వరసలో ఎలా ఉంటుంది? 2016లో జట్టు లాస్ ఏంజెలిస్ వెళ్లిపోయింది. ఊరు దావా వేస్తే 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంత పరిహారం దక్కడం అరుదు. దానికి నాలుగున్నరేళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

లీజు బాగా రాసుకున్న చోటూ లేకపోలేదు. బఫెలో ఫుట్‌బాల్ స్టేడియానికి 2022లో రాష్ట్రం, కౌంటీ కలిసి 85 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అది చాలా పెద్ద మొత్తమే. కానీ అంచనా దాటితే ఆ భారం జట్టుదేనని రాసుకున్నారు. 140 కోట్లన్న ఖర్చు 200 కోట్లు దాటింది, ప్రభుత్వం వాటా పెరగలేదు. ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో తీసివేత వచ్చిన పిల్లాడు కూడా చెప్పగలడు. మీ ఊళ్లో ఇలాంటి పత్రం చేతికొస్తే నేనైతే ఆ వాక్యం కోసం వెతికాక, స్టేడియానికి పెట్టే పేరు అమ్మిన డబ్బు ఎవరికని చూస్తాను, కచేరీ రాత్రి పార్కింగ్ వసూళ్లు ఎవరికని చూస్తాను, ఇరవయ్యో ఏడు పైకప్పు కారితే బాగుచేయించేదెవరని చూస్తాను. బొమ్మలు చివర్న చూస్తాను.

ఇన్ని తెలిసీ ఊళ్లు ఎందుకు ఒప్పుకుంటాయి? లీగ్‌లు జట్ల సంఖ్యను తమ గుప్పిట్లో పెట్టుకుంటాయి. ఫుట్‌బాల్‌లో 32, బాస్కెట్‌బాల్‌లో 30. జట్టు కోసం కాచుకుని కూర్చున్న ఊరు ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. ఆ ఊరి పేరు ఎత్తితే చాలు. ఇది ఉత్త బెదిరింపు అని తోసిపారేయలేం. సియాటెల్ ఓటర్లు 2006లో 74 శాతం మంది, జట్లకిచ్చే అరీనా మీద నగరానికి కనీసం ప్రభుత్వ బాండ్లపాటి రాబడి అయినా రావాలని తీర్మానించారు. చూడటానికి ఎంతో సబబైన షరతు. 2008లో బాస్కెట్‌బాల్ జట్టు నలభై ఏళ్ల బంధం తెంచుకుని ఓక్లహామా సిటీకి వెళ్లిపోయింది. ఆ ఊరి మనుషులకు ఆ బాధ ఇంకా పోలేదు. 2021లో అక్కడి పాత అరీనాను ప్రైవేటు డబ్బుతో, వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొత్తగా తీర్చిదిద్దారు. హాకీ జట్టు వచ్చింది. పాత జట్టు తిరిగి రాలేదు.

ఆ జట్టును దక్కించుకున్న ఓక్లహామా సిటీ 2023 డిసెంబరులో డౌన్‌టౌన్‌లో కొత్త అరీనా కోసం ఓటేసింది. ఖర్చు కనీసం 90 కోట్ల డాలర్లు, అందులో జట్టు ఇచ్చేది 5 కోట్లు. 71 శాతం మంది సరేనన్నారు. అర్థశాస్త్రం ప్రకారం ఇది పేలవమైన బేరం. కానీ వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు. తమ ఊరి పేరు దేశమంతా వినిపించడానికి ఒక రేటు ఉందనుకున్నారు, ఆ రేటు కట్టడానికి సిద్ధపడ్డారు. పార్కుకూ గ్రంథాలయానికీ లాభాలు అడగం కదా? ఆటలు చూడనివాళ్లు కూడా జట్టు గెలిస్తే పొంగిపోతారు. ఆ పొంగుకు మనుషులు ఎంత ఇస్తారో లెక్కగట్టే అధ్యయనాలూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తేల్చిన విలువ, జట్లకిచ్చే రాయితీ కంటే తక్కువే. అయినా గర్వం కోసమని చెప్పి అడిగితే అది నిజాయితీ. ఆదాయం కోసమని చెప్పి అడిగితేనే పేచీ.

డబ్బు ప్రశ్న తొలగిపోయినా చోటు ప్రశ్న పోదని ఫిలడెల్ఫియా చూపించింది. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు 2022లో 130 కోట్ల డాలర్ల అరీనాను నడిబొడ్డున మార్కెట్ స్ట్రీట్‌లో, రైల్వే స్టేషన్ మీదనే కడతామంది. డబ్బు తమదేనంది. రవాణా పరంగా అంతకంటే మంచి చోటు దొరకదు. కానీ ఒక్క అడుగు వేస్తే చైనాటౌన్. అద్దెలు పెరిగి, మ్యాచ్ రాత్రులు వీధులు కదలక, తరాలుగా ఉన్న తమ పేట కరిగిపోతుందని అక్కడివాళ్లు రెండేళ్లకు పైగా పోరాడారు. వాషింగ్టన్ చైనాటౌన్‌లో 1997లో అరీనా వచ్చాక ఏమైందో వాళ్ల కళ్ల ముందే ఉంది. 2024 డిసెంబరులో నగర మండలి 12-5 ఓట్లతో ఆమోదించింది. నెల తిరగకుండానే యజమానులు మనసు మార్చుకుని, ఊరి దక్షిణాన పాత స్టేడియాల దగ్గరే కడతామన్నారు. అనుకూలంగా ఓటేసిన సభ్యులూ, వ్యతిరేకంగా వీధికెక్కిన జనమూ ఆ రోజు ఒకేలా నోరెళ్లబెట్టారు.

కాన్సస్ సిటీలో ఓటర్ల దాకా వచ్చిన పత్రం మరోలా ఉంది. 2024 ఏప్రిల్ 2న జాక్సన్ కౌంటీ ఓటర్లను ఒక డాలరు మీద సెంటులో ఎనిమిదింట మూడు వంతుల అమ్మకపు పన్ను అడిగారు. డౌన్‌టౌన్ పక్కన క్రాస్‌రోడ్స్ అనే పేటలో బేస్‌బాల్ స్టేడియానికి, ఊరి బయటున్న ఫుట్‌బాల్ స్టేడియం మరమ్మతులకు. క్రాస్‌రోడ్స్ అంటే చిన్న చిన్న గ్యాలరీలు, కాఫీ షాపులు, బార్లు కలిసి పదేళ్లూ ఇరవయ్యేళ్లూ పోగుచేసుకున్న సందడి. స్టేడియం గీతలో పడిన దుకాణాలు ఖాళీ చేయాలి. స్థలం ఫలానా అని ప్రకటించింది ఓటింగ్‌కు రెండు నెలల ముందు. అక్కడి ఓక్ స్ట్రీట్‌ను మూసేస్తారా, తెరిచి ఉంచుతారా అన్నది ఓటింగ్‌కు కొద్ది రోజుల ముందు దాకా తేలలేదు. మూస్తామన్నవాళ్లు చివరి వారాల్లో తెరిచే ఉంచుతామన్నారు. యాభై ఎనిమిది శాతం మంది వద్దన్నారు. ఒక వీధి సంగతి ఆఖరి వారాల దాకా తేలని ఆ పత్రంలో పన్ను గడువు మాత్రం ముందే స్పష్టంగా రాసుంది: నలభై ఏళ్లు.